రంపం పాడని పాట

మా వదినకు రంపం అని పేరు పెట్టింది మా పై అంతస్తులో ఉండే డ్రాయింగు మాస్టారు. వదిన కాపురానికొచ్చిన కొత్తలో స్టోర్ రూములో తలుపేసుకుని పాట సాధన చేస్తుంటే, ఆయన చెప్పులైనా వేసుకోకుండా దిగొచ్చి, "ఇంట్లో వడ్రంగి పని పెట్టారా అమ్మా? ఇంకెన్నాళ్లు కోయిస్తారు?" అని మా అమ్మను అడిగాడు. అమ్మకి తల కొట్టేసినట్టయింది. వదిన మాత్రం పగలబడి నవ్వి, మర్నాడే తన బ్యాండుకి 'రంపం' అని పేరు మార్చేసింది. అంతకుముందున్న పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరిగేది కాదు కాబట్టి బ్యాండులో వాళ్లెవరూ కాదనలేదు.

నేను ఆవిడకి ఆడపడుచుని. ఆడపడుచు నోట వదిన గురించి మంచి మాట రాదని లోకానికి ఒక గట్టి నమ్మకం. నాకు ఆవిడ మీద కోపం ఉన్నమాట నిజమే. అది ఆవిడ గొంతు మీద కాదు. ఆ గొంతుకి జరిగిన అన్యాయాన్ని ఇన్నేళ్లూ నవ్వుతూ మోసుకు తిరిగిందే, ఆ నవ్వు మీద. నేనైతే ఎప్పుడో ఒంటికాలి మీద లేచేదాన్ని.

వదిన వాళ్ల నాన్నకి మైకుసెట్టు దుకాణం ఉండేది. సభలకి, పెళ్లిళ్లకి, ఎన్నికల ప్రచారానికి స్పీకర్లు అద్దెకిచ్చేవాడు. రోడ్డు మీదకి తెరుచుకునే ముందుగదిలో ఆంప్లిఫయర్లు, వైరు చుట్టలు. వెనకగదిలో సంసారం. పిల్లలందరూ అమ్మా అనో నాన్నా అనో మాటలు మొదలుపెడితే తను మాత్రం "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ మొదలుపెట్టానని చెప్పుకునేది. కరెంటు పోయినప్పుడు జనరేటరు వేసి మైకులు పరీక్షించేవాళ్లట. ఆ మోతలో మామూలుగా పాడితే తన పాట తనకే వినపడేది కాదు. అందుకని మోతను తొక్కుకుంటూ పాడటం నేర్చుకుంది. గొంతులో ఆ గరుకు అలా వచ్చిందే తప్ప, అందరూ అనుకున్నట్టు సిగరెట్ల వల్ల కాదు. కాఫీ కూడా పల్చగా తాగే మనిషి ఆవిడ.

ఆ దుకాణం ఇంకో గుర్తు కూడా ఇచ్చింది. చిన్నప్పుడు బల్ల మీంచి స్పీకరు పెట్టె జారి మొహం మీద పడి, ముక్కు దూలం కాస్త పక్కకి ఒరిగింది. చూస్తే తెలియదు. కానీ గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు చివర్లో సన్నగా ఈల లాంటిది వినపడుతుంది. పాటకి ముందు, పంక్తికీ పంక్తికీ మధ్య, ఆ ఊపిరి కూడా పాటలో భాగమే అన్నట్టు పీల్చేది.

మా అన్నయ్య పగలు లిఫ్టులు బాగుచేస్తాడు, సాయంత్రాలు డ్రమ్ములు వాయిస్తాడు. కాలేజీల పోటీలో వదిన బ్యాండులో డ్రమ్మరుకి జ్వరమొస్తే ఇతను ఎక్కి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడం ఇప్పటికీ లేవలేదు. అలా పెళ్లయింది.

అమ్మకి కోడలి పాట బొత్తిగా గిట్టేది కాదు. స్టోర్ రూముకీ అమ్మ గదికీ మధ్య ఒకటే గోడ. రోజూ పొద్దున్నే అటు వదిన మొదలుపెట్టడం, ఇటు అమ్మ దిండు చెవుల మీద పెట్టుకోవడం.

"పాడితే పాడావు గానీ, మధ్యమధ్యన ఆ బుస ఏమిటమ్మా? ఎవరో పీక నొక్కుతున్నట్టు" అని అడిగేది.

"అది ఊపిరి అత్తయ్యా. తీసుకోకపోతే పోతాను" అనేది వదిన.

"నిన్ను పొమ్మనడం లేదు. చప్పుడు కాకుండా తీసుకోమంటున్నాను."

ఈ మాటలు ఎన్ని వేలసార్లు జరిగుంటాయో చెప్పలేను. ఇద్దరూ మాత్రం విసుగెత్తలేదు. విసుగెత్తింది నాకే.

నటన ఆవిడ కోరుకున్నది కాదు. ఒక టీవీ సీరియల్లో హోటలు సన్నివేశానికి వెనకాల వాయించే బ్యాండు కావాలని వీళ్లని పిలిచారు. అక్కడ దర్శకుడు వదిన మొహం చూసి ముచ్చటపడ్డాడు. గుండ్రటి మొహం, పెద్ద కళ్లు, ఏడవకముందే ఏడ్చినట్టుండే చూపు. పాట సంగతి వదిలేసి, కథానాయిక పక్కింటావిడ వేషం ఇచ్చాడు. వదిన సంబరపడి సంభాషణలన్నీ కంఠతా పెట్టింది. షూటింగులో చక్కగా చెప్పింది కూడా. ప్రసారమయ్యే రోజు అందరం టీవీ ముందు చేరితే, ఆవిడ నోరు తెరిచింది గానీ అందులోంచి వేరెవరిదో గొంతు వచ్చింది. పాలల్లో పటికబెల్లం కలిపినట్టున్న గొంతు.

"ఆ మొహానికి ఈ గొంతు నప్పదు మేడమ్, జనం జడుసుకుంటారు" అని చెప్పారట, అడిగితే.

ఆ మాట ఆ తర్వాత ఆవిడని వదల్లేదు. పోలీసు ఆఫీసరు వేసింది, లాయరు వేసింది, కథానాయకుడి పిన్ని వేసింది, వయసు కాస్త మీద పడ్డాక తల్లి వేషాలు వేసింది. ప్రతిసారీ వేరే ఎవరో మాట్లాడారు.

ఇక ఈ కథలో నా పాపం ఉంది. నేను డబ్బింగ్ థియేటర్లో సౌండు ఇంజనీరుని. థియేటరంటే పెద్ద హాలనుకునేరు. గోడలకి స్పాంజి అంటించిన ఒక గది, అందులో మైకు, తెర. మధ్యలో అద్దం. ఇవతల నా బల్ల, తిరగని ఫ్యాను. నటులు మాట్లాడేసిన బొమ్మకి ఇక్కడ వేరేవాళ్లు గొంతు అతికిస్తారు. పరాయి భాషల సినిమాలకి మాటలు చెప్పే మనుషులు కావాలని అడిగితే నేనే వదినని తీసుకెళ్లాను. ఆవిడ గొంతు వినగానే అందరి కళ్లూ మెరిశాయి. అప్పట్నుంచి దయ్యం పట్టిన ఆడవాళ్లు, మంత్రగత్తెలు, గుహల్లోంచి వచ్చే మృగాలు, పిల్లల బొమ్మల సినిమాలో అలిగిన ఎలుగుబంటి, అన్నీ వదినే. మొహం కావలసిన చోట గొంతు వద్దన్నారు, గొంతు కావలసిన చోట మొహం అక్కర్లేదన్నారు. రెండూ కలిసుండేది స్టేజి మీదే. ఆ స్టేజి అవకాశాలేమో ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

కూరగాయల దుకాణంలో జనం గుర్తుపట్టి చుట్టూ చేరేవాళ్లు. ఆవిడ నోరు విప్పి పలకరించగానే వాళ్ల మొహాలు మారిపోయేవి. "అయ్యో, గొంతు పాడైందా అమ్మా? వేడినీళ్లు తాగండి" అని సలహాలు. ఒకావిడైతే మిరియాలు కొని చేతిలో పెట్టింది. వదిన థాంక్స్ చెప్పి మిరియాలు ఇంటికి తెచ్చింది. నాకు ఒళ్లు మండిపోయి వాటిని తీసుకెళ్లి చెత్తబుట్టలో పోశాను.

"మిరియాలేం చేశాయే నిన్ను?" అంది వదిన.

"నువ్వెందుకు చెప్పవు, నా గొంతే ఇంత అని?"

ఆవిడ ఆరిన బట్టలు మడత పెడుతోంది. "చెప్తే ఎవరు నమ్ముతారు? చూపించాలి. చచ్చేలోపు ఒక్కసారి నా మొహం, నా గొంతు ఒకే తెర మీదుండాలి. ఇంకేం అక్కర్లేదు నాకు" అంది. ఆ తర్వాత అన్నయ్య చొక్కా తిరగేసి మడత పెట్టి, మళ్లీ విప్పి సరిగ్గా పెట్టింది.

ఆ ఒక్కసారి రానే వచ్చింది. ఒక కుర్ర దర్శకుడు ఏదో కాలేజీలో 'రంపం' పాట విని, స్టేజి దిగకముందే వచ్చి పట్టుకున్నాడు. తన మొదటి సినిమాలో నాయిక తల్లి ఒకప్పుడు రాక్ గాయని అట. పెళ్లయ్యాక పాట మానేసి, చివర్లో కూతురి కోసం మళ్లీ స్టేజి ఎక్కుతుందట. "మీరే చెయ్యాలి, మీరే పాడాలి. మీ గొంతు లేకపోతే నాకీ సినిమాయే లేదు" అన్నాడు. వదినకి కాళ్లు నేల మీద నిలవలేదు. పాట కూడా తనే రాసింది, అన్నయ్య బాణీ కట్టాడు. 'తలుపు తట్టీ తట్టీ అలిసిపోయా, ఇక తోసుకునే వస్తా' అని చివరి పంక్తి. ఆ పంక్తికి ముందు పెద్ద ఊపిరి, ఆ తర్వాత మొత్తం గొంతు వదిలేయడం. మా స్టోర్ రూములో అదే పాట నెలల తరబడి నలిగింది. డ్రాయింగు మాస్టారు పోయి చాలాకాలమైంది గానీ, ఉండి ఉంటే మళ్లీ దిగొచ్చేవాడే.

షూటింగు రోజు ఉదయం మేకప్ వేసుకుని కూర్చున్నాక దర్శకుడు వచ్చి నీళ్లు నమిలాడు. నిర్మాతకి పాట వినిపించారట. తల్లి అరిస్తే ఆడవాళ్లు హాల్లోంచి లేచి వెళ్లిపోతారని ఆయన భయం. పాటల కంపెనీవాళ్లు కూడా తియ్యటి గొంతు కావాలన్నారు. ఇంకో అమ్మాయితో పాడించేశారు. పాటా బాణీ ఇవే, గొంతే మారింది. "మీరు పెదాలు కదిపితే చాలు మేడమ్. మొహమంతా మీదేగా" అన్నాడు. వదిన ఫోను చేసి నాతో ఇంతే చెప్పింది. లేచొచ్చెయ్యమన్నాను. "అంతమంది వచ్చేశారే, లైట్లు పెట్టేశారు" అంది. లైట్ల కోసం బతుకు తాకట్టు పెట్టే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇక్కడే స్టేజి మనుషులు మాత్రమే చెయ్యగల పొరపాటు ఒకటి చేసింది. మామూలు నటులు స్పీకర్లో వచ్చే పాటకి పెదాలు కదుపుతారు. వదిన అలా కదపలేకపోయింది. చేతిలో మైకు, ఎదురుగా జనం, వెనకాల తన మొగుడు డ్రమ్ముల మీద. పాట మొదలవగానే ఒళ్లు మరిచి నిజంగానే పాడేసింది. మైకులో కరెంటు లేదు, ఆవిడ గొంతు ఎక్కడికీ పోలేదు, అయినా పాడింది. స్పీకర్లో పాట ఎక్కడ ఆగితే అక్కడ ఆగకుండా, తనెక్కడ ఊపిరి పీల్చాలో అక్కడే పీల్చుకుంటూ, మెడ నరాలు పొంగేలా పాడింది. దగ్గరున్న జూనియర్ ఆర్టిస్టులు ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టారు. దర్శకుడు కళ్లు తుడుచుకుని ఓకే అనేశాడు.

ఎడిటింగులో గుండెలు బాదుకున్నారు. ఎక్కడా పెదవికి పాట కలవలేదు. సెట్టు అప్పటికే విప్పేశారు, మళ్లీ తీసే దారి లేదు. బొమ్మని చూస్తూ ఆ అమ్మాయి చేతే మళ్లీ పాడించాలని నిర్ణయించి, ఎక్కడికి తీసుకొచ్చారనుకున్నారు? మా థియేటరుకే.

ఆ అమ్మాయి మంచి పిల్ల. తేనెగొంతు. సంగీతం పద్ధతిగా నేర్చుకుంది. తెర మీద వదినని చూస్తూ పాపం మళ్లీ మళ్లీ పాడింది. చాలావరకు పెదాలు కలిశాయి. కానీ ప్రతి పంక్తికీ ముందు తెర మీద వదిన భుజాలు లేస్తాయి, నోరు తెరుచుకుంటుంది, ఛాతీ నిండుతుంది. వినడానికి మాత్రం ఏమీ ఉండదు. ఆ పిల్ల ఎప్పుడు ఊపిరి తీసుకుందో నా మైకుకే తెలియలేదు.

"ఇదేంటి, గట్టున పడ్డ చేపలా ఉంది" అని దర్శకుడు తల పట్టుకున్నాడు. "కాస్త గట్టిగా పీల్చమ్మా."

"ఊపిరి వినపడితే మా గురువుగారు లెంపకాయ కొట్టేవారు సార్" అంది. ప్రయత్నించింది. తుమ్మబోయి ఆగినట్టు వచ్చింది.

నాకు లోలోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇక గతిలేక వదిన గొంతే పెట్టుకుంటారనుకున్నాను. దర్శకుడు కాసేపు అటూ ఇటూ తిరిగి, వదినకి ఫోను చేశాడు. ఒకసారి రమ్మన్నాడు. ఆవిడ ఆటో దిగి పరుగున వచ్చింది. తలైనా సరిగ్గా దువ్వుకోలేదు. పాడటానికే పిలిచారనుకుందని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. గుమ్మంలోనే గొంతు సవరించుకుంది.

"మేడమ్, పాట అయిపోయింది. మీ బ్రీత్‌లు మాత్రం కావాలి. పంక్తుల మధ్య ఊపిర్లు. అవి ఇచ్చేస్తే సరిపోతుంది" అన్నాడు దర్శకుడు. అతను ఆవిడ మొహంలోకి చూడలేదు.

నేను వదినని చెయ్యి పట్టుకుని టీలు పెట్టే గదిలోకి లాక్కెళ్లాను. "ఒప్పుకోకు వదినా. నీ ఊపిరి లేకపోతే వాళ్లకి పాట అతకదు. నీ గొంతు పెట్టుకోక చస్తారా? ఇన్నేళ్లకి పీట నీ కిందకి వచ్చింది, కదలకుండా కూర్చో."

"పెట్టుకోకపోతే?"

"పెట్టుకుంటారు."

"పెట్టుకోకపోతే ఆ సీనే తీసేస్తారు. నిర్మాత ఆ మాట కూడా అన్నాడట, ఆ కుర్రాడు ఫోన్లో చెప్పాడు" అంది. "సీను పోతే మొహం కూడా పోతుందే. మీ అన్నయ్య కూడా పోతాడు, వెనకాల డ్రమ్ములతో. మొదటిసారి పెద్ద తెర మీద కనపడుతున్నాడు."

"అందుకని ఊపిరి కూడా ఇచ్చేస్తావా?"

"అడిగింది అదొక్కటేగా" అని నవ్వబోయింది. ఈసారి నవ్వు రాలేదు. నాకు ఎవరి మీద అరవాలో తెలియక టీ కుర్రాడు కడిగి పెట్టిన గ్లాసులన్నీ మళ్లీ కడిగాను.

అద్దం అవతల వదిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడింది. ఎలుగుబంటికి, దయ్యాలకి మాట్లాడిన మైకు అదే. తెర మీద పాట నడుస్తోంది. ప్రతి పంక్తికీ ముందు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వెంటనే నోరు మూసేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ పిల్ల పాడుతుంది. మళ్లీ ఊపిరి, మళ్లీ నోరు మూయడం. పాట రాసింది ఆవిడే, తెర మీదున్నది ఆవిడే. మైకు ముందు నిలబడి, పాడకుండా ఆపుకోవడమే ఆవిడ పనైంది. కొన్నిచోట్ల పెదాలు వణికి ఏదో శబ్దం వచ్చేసింది. "కట్, మేడమ్. వాయిస్ పడుతోంది" అని ఇవతల నుంచి దర్శకుడు చెప్పాల్సి వచ్చింది. తేనెగొంతు పిల్ల మూలన కుర్చీలో కూర్చుని తల ఎత్తలేదు. అయిపోయాక లేచి వదిన దగ్గరకొచ్చి, "సారీ అక్కా" అంది. వదిన ఆ పిల్ల బుగ్గ తట్టింది.

అందరూ వెళ్లిపోయాక అద్దంలోంచి సైగ చేసి చెప్పాను. "వదినా, మైకు ఆన్‌లోనే ఉంది. ఒక్కసారి పూర్తిగా పాడు. నేను రికార్డు చేస్తాను. సినిమాకి కాదు, మనకి."

"వద్దే" అంది, హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంటూ. "పాడితే బాగా వస్తుంది. బాగా వస్తే మళ్లీ ఆశపడతాను. నావల్ల కాదు."

ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దంది. చెప్పలేదు. పాట వేరే అమ్మాయి పాడిందని మాత్రం అందరికీ తెలుసు. ఊపిరి సంగతి అన్నయ్యకి కూడా తెలియదు. ఆ రాత్రి అన్నయ్య తెర మీద తన జుట్టు ఎలా కనపడుతుందో అని అడుగుతుంటే వదిన బాగుంటుందిలే అంది.

సినిమా విడుదలైన రోజు పొద్దుటాటకి నలుగురం వెళ్లాం. అన్నయ్య, వదిన, నేను, అమ్మ. అమ్మ హాలుకి రావడం ఎన్నేళ్ల తర్వాతో. మోకాళ్ల నొప్పులని గునుస్తూనే వచ్చింది. పైకి ఒప్పుకోదు గానీ, కోడలు తల్లి వేషంలో ఏడ్చిన ప్రతిచోటా తనూ ముక్కు ఎగబీల్చింది. చివరి సన్నివేశం వచ్చింది. తెర మీద వదిన మైకు అందుకుంది. భుజాలు లేచాయి. హాలంతా ఊపిరి పీల్చిన చప్పుడు, చివర్లో సన్నగా ఆ ఈల. తర్వాత తేనెగొంతు. జనం చప్పట్లు కొట్టారు. ఎంత ఉక్రోషంగా ఉన్నా అబద్ధమాడలేను. చక్కగా అతికింది. అతికించింది నేనే.

అన్నయ్య తెర మీద తనని వెతుక్కుంటున్నాడు. అమ్మ ముందుకి వంగి చెవి ఒగ్గి వింటోంది. పాట సగంలో ఉండగా నా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"పాడేది ఆ పిల్లన్నారు కదే?"

"ఆ పిల్లేనమ్మా."

"పాట ఆ పిల్లదే, తెలుస్తూనే ఉంది. మధ్యలో ఊపిరి పీల్చేది మాత్రం మన పిల్ల" అంది.

ఇన్నేళ్లుగా ఆవిడ వెనకే కూర్చుని డ్రమ్ములు వాయించిన అన్నయ్య గుర్తుపట్టలేదు. గోడకి ఇవతల దిండు చెవులకి అదుముకుని తిట్టుకున్న అమ్మ గుర్తుపట్టింది. నా మీదుగా వంగి వదిన చెయ్యి పట్టుకుంది.

"ఊపిరి వరకూ వచ్చినదానివి, పాట కూడా నువ్వే పాడాల్సిందమ్మా" అంది.

వదిన కళ్లు తెర మీదే ఉన్నాయి. పాట చివరికొచ్చేసింది. అంతా ఆగింది, ఆ పంక్తికి ముందుండే పెద్ద ఊపిరి కోసం. తెర మీద వదిన భుజాలు లేచాయి. నా పక్క సీట్లో వదిన భుజాలు కూడా లేచాయి. ఈల రెండు వైపుల నుంచీ ఒకేసారి వినపడింది. పక్కనున్న వదిన నోరు తెరుచుకోవడం చూశాను. పాడేస్తుందనుకున్నాను. పాడెయ్యాలని మనసులో మొక్కుకున్నాను.

తెర మీద తేనెగొంతు తలుపు తోసుకుని వచ్చేసింది. వదిన తను పీల్చిన ఊపిరిని, చప్పుడు కాకుండా, మెల్లగా వదిలేసింది.